దారిలో అనేసిన మాటలు: యేసు చారిత్రకతపై ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ఈ విషయం మీద మాట్లాడమని పిలిచినప్పుడే నిర్వాహకులు ఒక మాట చెవిన వేశారు: "హాల్లో పాస్టర్లు ఉంటారు, హేతువాదులూ ఉంటారు, చూసి మాట్లాడండి" అని. చూస్తూనే ఉన్నాను. ఇద్దరూ ముందు వరసల్లోనే ఉన్నారు. (నవ్వులు) కొంచెం టెన్షన్‌గానే ఉంది. కానీ ఒక్క పక్షం వాళ్లే కూర్చున్న సభలో ఈ విషయం మాట్లాడి ప్రయోజనం లేదు.

యేసు దేవుడా, ఆయన అద్భుతాలు చేశాడా అన్న ప్రశ్నల జోలికి నేను వెళ్లను. అవి మీ మీ విశ్వాసాలకు సంబంధించినవి. నా ప్రశ్న చాలా చిన్నది. మొదటి శతాబ్దంలో గలిలయలో యేసు అనే ఒక బోధకుడు నిజంగా బతికాడా? రోమన్ గవర్నర్ పిలాతు హయాంలో అతన్ని సిలువ వేశారా? దీనికి ఏ ఆధారం ఉంది, ఆ ఆధారానికి ఎంత బరువుంది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, సస్పెన్స్ ఎందుకు. బతికాడు, సిలువ మీద చనిపోయాడు. ఈ మాట చెప్పడానికి తగినంత ఆధారం ఉంది. అయితే సభల్లో, వాట్సాప్‌లో గట్టిగా వినిపించే ఆధారాల మీద నాకంత నమ్మకం లేదు. నన్ను ఒప్పించినవి వేరే ఉన్నాయి. రాసేవాడు ఇంకేదో గొడవలో ఉండి, దారిలో అనేసి ముందుకు వెళ్లిపోయిన మాటలు అవి.

మొదట ఒక అభ్యంతరం. "అంత గొప్పవాడైతే రోమన్ ప్రభుత్వ రికార్డుల్లో ఎందుకు లేడు?" అని మన హేతువాద మిత్రులు తరచూ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకని మనం యేసును కాసేపు పక్కన పెట్టి, ఆయనకు శిక్ష వేసిన పిలాతు సంగతి చూద్దాం. క్రీ.శ. 26 నుంచి 36 దాకా పదేళ్లు యూదయను ఏలినవాడు. సైన్యం, ఖజానా, న్యాయస్థానం అన్నీ అతని చేతిలోనే ఉన్నాయి. మరి అతని పాలన కాగితాలు ఏమయ్యాయి? ఒక్క ఉత్తరం లేదు, ఒక్క తీర్పు నకలు లేదు. అతను వేయించిన చిన్న రాగి నాణేలు కొన్ని ఉన్నాయి. జోసీఫస్, ఫైలో అనే యూదు రచయితల, టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడి రాతల్లో, సువార్తల్లో ప్రస్తావనలు ఉన్నాయి. 1961లో సిజేరియాలో ఇటాలియన్ పురావస్తు బృందం తవ్వుతుంటే, పాత నాటకశాలలో మెట్టుగా వాడేసిన ఒక రాయి మీద అతని పేరు, హోదా బయటపడ్డాయి. గవర్నర్ పరిస్థితే ఇది. అలాంటప్పుడు ఒక పల్లెటూరి వడ్రంగికి వేసిన శిక్ష తాలూకు ఫైలు దొరకలేదని అనడం ఆ కాలం తెలియకపోవడమే. అక్కడ ఏమీ దొరకకపోవడం ఏ పక్షానికీ పనికిరాదు.

ఇప్పుడు జోసీఫస్ దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం ఆగాలి.

జోసీఫస్ క్రీ.శ. 37లో యెరూషలేములో పుట్టిన యూదుడు, యాజకుల కుటుంబం. రోమ్ మీద యూదులు తిరగబడినప్పుడు గలిలయలో సేనాని. ఓడి, రోమన్లకు చిక్కి, "నువ్వు చక్రవర్తివి అవుతావు" అని రోమన్ సేనాని వెస్పాసియన్‌కు జోస్యం చెప్పాడు. అది నిజమైంది. ఆ తర్వాత రోమ్‌లో చక్రవర్తి నీడన కూర్చుని తన జాతి చరిత్ర రాశాడు. అందులో పెద్దది 20 భాగాల గ్రంథం, క్రీ.శ. 93-94 ప్రాంతంలో పూర్తయింది.

దాని పద్దెనిమిదో భాగంలో యేసు గురించి ఒక పేరా ఉంది. క్రైస్తవ సభల్లో తప్పకుండా వినిపించేది అదే. "ఆయన్ని మనిషి అనవచ్చునో లేదో" అంటుంది. "ఆయనే క్రీస్తు" అంటుంది. మూడో రోజున సజీవంగా కనిపించాడని, ప్రవక్తలు దాన్ని ముందే చెప్పారని అంటుంది. చదివితే ఒళ్లు పులకరిస్తుంది. నాకైతే అనుమానం పుడుతుంది. ఎందుకంటే జోసీఫస్ చనిపోయేదాకా యూదుడే. పైగా లోకాన్ని ఏలేవాడు యూదయ నుంచి వస్తాడన్న ప్రవచనం వెస్పాసియన్ గురించేనని తన ఇంకో గ్రంథంలో తానే రాసుకున్నాడు. అలాంటివాడు ఇంకొకణ్ణి పట్టుకుని "ఆయనే క్రీస్తు" అంటాడా? మూడో శతాబ్దంలో ఆరిజెన్ అనే క్రైస్తవ పండితుడు జోసీఫస్‌ను బాగా చదివాడు. జోసీఫస్ యేసును క్రీస్తుగా ఒప్పుకోలేదని స్పష్టంగా రాశాడు. ఈ పేరాను ఇప్పుడున్న రూపంలో మొదట ఉటంకించింది నాలుగో శతాబ్దపు క్రైస్తవ చరిత్రకారుడు యూసీబియస్. ఇద్దరి మధ్య ఏదో జరిగింది.

ఏం జరిగిందన్నది పండితులు శతాబ్దాలుగా తేల్చుకోలేకపోతున్నారు. మొత్తం కల్పితమని కొందరు. అసలు పేరా ఒకటి ఉంటే, నకళ్లు రాసిన క్రైస్తవ లేఖకుడెవరో దానికి భక్తి మెరుగులు దిద్దాడని ఎక్కువమంది. 1971లో ష్లోమో పైన్స్ అనే ఇజ్రాయెలీ పండితుడు పదో శతాబ్దపు అరబిక్ చరిత్రలో ఇదే పేరాను మరింత పొడిగా ఉన్న రూపంలో చూపించాక ఈ రెండో వాదానికి కొంత బలం వచ్చింది. నేనూ అటే మొగ్గుతాను. కానీ సోదరులారా, కల్తీ జరిగిన సాక్ష్యం కల్తీ జరిగిన సాక్ష్యమే. ఎంత భాగం అసలుదో చెప్పలేనప్పుడు దాని మీద ఇల్లు కట్టకూడదు. పాస్టర్లు ఈ పేరాను ఎత్తకపోతేనే వాళ్ల వాదం బాగుంటుందని నా సలహా.

ఎత్తాల్సింది ఇరవయ్యో భాగంలో ఉంది. అది ఎవరికీ పట్టదు. క్రీ.శ. 62. యూదయ గవర్నర్ ఫేస్తు చనిపోయాడు. కొత్త గవర్నర్ అల్బీనస్ ఇంకా దారిలోనే ఉన్నాడు. అడిగేవాడు లేడని అనానస్ అనే ప్రధాన యాజకుడు మహాసభ పిలిచి, కొందరి మీద ధర్మశాస్త్రం మీరారని నేరం మోపి రాళ్లతో కొట్టించాడు. ఊళ్లో పెద్దమనుషులకు అది నచ్చలేదు. కొందరు దారిలోనే అల్బీనస్‌ను కలిసి ఫిర్యాదు చేశారు. చివరికి అగ్రిప్ప రాజు మూడు నెలల పదవి తర్వాత అనానస్‌ను దింపేశాడు. జోసీఫస్ చెప్పదలచుకున్న కథ ఇంతే, ఒక యాజకుడి పదవి ఎలా ఊడిందని. ఆ చనిపోయినవాళ్లలో ఒకరి పేరు చెప్పాల్సి వచ్చి, "క్రీస్తు అనబడే యేసు సోదరుడు, యాకోబు అనే పేరుగలవాడు" అని ముందుకు వెళ్లిపోయాడు.

పొగడ్త లేదు, తిట్టు లేదు. అద్భుతం లేదు, పునరుత్థానం లేదు. యాకోబులు చాలామంది ఉంటారు కాబట్టి ఇతను ఫలానావాడి తమ్ముడని చెప్పాడు. యేసులూ చాలామందే కాబట్టి, ఏ యేసో తెలియడానికి "క్రీస్తు అనబడే" అని తగిలించాడు. ఒక క్రైస్తవ లేఖకుడు తర్వాత దూర్చి ఉంటే "అనబడే" అని సందేహంగా రాసి ఊరుకునేవాడా? పైన పద్దెనిమిదో భాగంలో ఏం చేశారో చూశాం కదా. ఇంకో సంగతి. ఈ హత్య జరిగినప్పుడు జోసీఫస్‌కు పాతికేళ్లు. అది అతని సొంత ఊరు. నాలుగేళ్ల తర్వాత తిరుగుబాటు మొదలైనప్పుడు యెరూషలేము నాయకుల్లో ఒకడు ఇదే అనానస్. జోసీఫస్ అతని కింద పనిచేసినవాడు. అంటే ఇది ఎక్కడో విన్న కథ అయ్యే అవకాశం తక్కువ. తన ఊళ్లో, తనకు తెలిసిన పెద్దమనిషి చేసిన పని అది.

ఇది కూడా తర్వాత దూర్చిందేనని, ఇక్కడి యేసు అనానస్ తర్వాత ప్రధాన యాజకుడైన దమ్నేయు కుమారుడు యేసు అని వాదించేవాళ్లున్నారు. చదివాను. అలా అనుకోవాలంటే "క్రీస్తు అనబడే" అన్న ముక్కను ఏ రాతప్రతి ఆధారమూ లేకుండా కొట్టేయాలి. వాదం గెలవడానికి సాక్ష్యాన్ని దిద్దడం ఇటువైపు వాళ్లు చేసినా తప్పే కదా.

ఇక పౌలు, తొలినాళ్ల క్రైస్తవ ప్రచారకుడు. కొత్త నిబంధనలో మొదట సువార్తలుంటాయి, తర్వాత పత్రికలు. రాసిన వరస అది కాదు. పౌలు ఉత్తరాలే ముందు. ఆయన పేరున్న 13 ఉత్తరాల్లో ఏడు ఆయనవేనని విశ్వాసం లేని పండితులు కూడా ఒప్పుకుంటారు. అవన్నీ క్రీ.శ. 50ల నాటివి. యేసు జీవితం గురించి వాటిలో చాలా తక్కువ ఉంది. నిజం చెప్పాలంటే నిరాశ కలిగేంత తక్కువ. కొండమీద ప్రసంగం కథ లేదు, లాజరు లేడు. అందుకే కొందరు, పౌలుకు తెలిసిన యేసు ఆకాశంలో ఉన్న దైవమే గానీ భూమి మీద తిరిగిన మనిషి కాడు అన్నారు.

గలతీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయం తీయండి. అక్కడ పౌలు మంచి కోపంలో ఉన్నాడు. "నువ్వు అసలు శిష్యుడివి కాదు, యెరూషలేము వాళ్ల దగ్గర నేర్చుకుని వచ్చి మాకు చెబుతున్నావు" అని ఎవరో అన్నారు. కాదు, నాకు ఎవరూ నేర్పలేదు, నేరుగా దేవుడి దగ్గర నుంచే వచ్చింది అని నిరూపించుకోవాలి. ఆ వాదంలో ఆయనకు బాగా ఇబ్బంది పెట్టే నిజం ఒకటుంది, దాన్ని ఒప్పుకోక తప్పలేదు. మారుమనసు పొందిన మూడేళ్లకు యెరూషలేము వెళ్లాడు, కేఫా, అంటే పేతురు, దగ్గర 15 రోజులున్నాడు, అపొస్తలుల్లో ఇంకెవరినీ చూడలేదు, ప్రభువు సోదరుడైన యాకోబును మాత్రం చూశాడు. వెంటనే, దేవుని ఎదుట అబద్ధమాడటం లేదని ఒట్టు పెట్టుకుంటాడు.

పొలం తగాదా పంచాయితీలో ఒకడు "అన్న ఇంటి నుంచి నేనేమీ తెచ్చుకోలేదు, పదిహేను రోజులు తిని వచ్చానంతే" అన్నాడనుకోండి. తెచ్చాడో లేదో మనకు తెలియదు. అన్న ఉన్నాడని, ఆ ఇల్లు ఉందని మాత్రం ఎవరూ అనుమానించరు. పౌలు మాటలోనూ నాకు కనిపించేది అదే. తనకు అడ్డొచ్చే మాటను కల్పించుకుని ఎవడూ ఒట్టు పెట్టుకోడు. ఈ ప్రయాణం సిలువ సంఘటన జరిగి పదేళ్లలోపే. అంటే యేసు తమ్ముణ్ణి ముఖాముఖి కలిసిన మనిషి స్వయంగా రాసిన ఉత్తరం మన చేతిలో ఉంది. ప్రాచీన చరిత్రలో ఇలాంటి అదృష్టం అరుదు.

"సోదరుడు అంటే సంఘంలో బ్రదర్ అన్నట్టే కదా" అని ఒక ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. కావచ్చుననే ఆలోచిద్దాం. కానీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయంలో భార్యలను వెంట తీసుకెళ్లే హక్కు గురించి మాట్లాడుతూ, మిగిలిన అపొస్తలులు, ప్రభువు సోదరులు, కేఫా అని విడివిడిగా చెప్పాడు పౌలు. కేఫా కంటే పెద్ద విశ్వాసి ఎవరు? ఆయన ఈ సోదరుల జాబితాలో లేడు. అంటే అది కుటుంబం. సొంత తమ్ముడా, పినతండ్రి కొడుకా అన్న కేథలిక్, ప్రొటెస్టెంట్ తగువు మనకు అక్కర్లేదు. బంధువు ఉంటే చాలు. ఇక్కడ చూడండి, పౌలు ఉత్తరంలో యాకోబు, జోసీఫస్ చరిత్రలో యాకోబు. ఒకడు క్రైస్తవుడు, ఒకడు కాడు. ఒకరిది ఒకరు చదివిన జాడ లేదు. ఇద్దరూ అదే మనిషిని అదే బంధుత్వంతో గుర్తుపట్టారు. నాకు ఈ ఒక్క జత మొత్తం మిగతా ఆధారాల కంటే ఎక్కువ.

రోమన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. టాసిటస్ క్రీ.శ. 116 ప్రాంతంలో, 64 నాటి రోమ్ అగ్నిప్రమాదం గురించి రాస్తూ, నీరో నింద మోపిన క్రైస్తవుల పేరు తిబెరి చక్రవర్తి కాలంలో పిలాతు చంపించిన క్రీస్తు నుంచి వచ్చిందన్నాడు. ఆ మతమంటే అతనికి అసహ్యం. కాబట్టి క్రైస్తవులు రాసుకున్నది కాదు. కానీ ఎక్కడ తెలుసుకున్నాడో చెప్పలేదు. సిజేరియా రాయి మీదున్న పిలాతు హోదా ఒకటి, టాసిటస్ రాసింది ఇంకొకటి. తన కాలంలో వాడుకలో ఉన్న హోదా రాసేశాడు. అంటే పాత ప్రభుత్వ కాగితం చూసి రాశాడని అనుకోలేం. ఓ మోస్తరు సాక్ష్యం. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమన్ గవర్నర్ చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరం క్రైస్తవులు తెల్లవారకముందే చేరి క్రీస్తును దేవుడిగా కీర్తించేవారని చెబుతుంది. అది క్రైస్తవులకు సాక్ష్యం, క్రీస్తుకు కాదు. క్రైస్తవాన్ని విమర్శించిన రెండో శతాబ్దపు సెల్సస్ యేసు పుట్టుక మీద బురద చల్లాడు గానీ లేడని అనలేదు. ఆయనకూ విన్నదే ఆధారం.

సువార్తల గురించి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. మార్కు సువార్త 70 ప్రాంతంలో, యోహాను సువార్త శతాబ్దం చివర్లో. విశ్వాసంతో, విశ్వాసం కలిగించడానికి రాసినవి. అందుకని పూర్తిగా పక్కన పెట్టేయాలా? అక్కర్లేదు. రచయితలు ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో చూడాలి.

మార్కులో యేసు వచ్చి యోహాను చేత బాప్తిస్మం తీసుకుంటాడు. మామూలుగా చెప్పేశాడు. కానీ పాపక్షమాపణ బాప్తిస్మం కదా, ఇచ్చేవాడు పెద్దా, తీసుకునేవాడు పెద్దా? మత్తయికి ఇది గుచ్చుకుంది. యోహాను చేత "నేనే నీ దగ్గర తీసుకోవాలి" అనిపించాడు. లూకా యోహాను చెరసాల సంగతి ముందే చెప్పేసి, బాప్తిస్మం ఎవరిచ్చారో పేరెత్తకుండా దాటేశాడు. నాలుగో సువార్తలో బాప్తిస్మమే వర్ణించలేదు. ఇలా తర్వాతి ముగ్గురు మూడు రకాలుగా సర్దుకోవాల్సి వచ్చిందంటే, కింద తప్పించుకోలేని నిజం ఉంది. ఆ యోహాను గురించి, హేరోదు అంతిప చేతిలో అతని మరణం గురించి జోసీఫస్ కూడా రాశాడు.

నజరేతు కూడా అంతే. పాత నిబంధనలో ఆ ఊరి పేరే లేదు. మెస్సీయ రావాల్సింది బేత్లెహేము నుంచి. మత్తయి, లూకా ఇద్దరూ ఆయన్ని బేత్లెహేములో పుట్టించారు గానీ దారులు వేరు. యేసు పుట్టినప్పుడు జరిగిందని లూకా చెప్పిన కురేనియు జనాభా లెక్క జోసీఫస్ ప్రకారం క్రీ.శ. 6లో జరిగింది. మత్తయి ఆ పుట్టుకను హేరోదు మహారాజు కాలంలో పెట్టాడు, ఆయనేమో క్రీ.పూ. 4లోనే పోయాడు. ఈ రెంటినీ ఒకే కాన్పుకు అతకడం నాకు చేతకాదు. (నవ్వులు) కల్పించేవాళ్లే అయితే "బేత్లెహేము యేసు" అని మొదలుపెట్టేవారు, ఇన్ని తిప్పలు ఎందుకు? ఆయన నజరేతువాడని లోకానికి తెలుసు, అందుకే తిప్పలు. నజరేతు ఊరే లేదనేవాళ్లకు ఒక కబురు. 2009లో ఇజ్రాయెల్ పురావస్తు శాఖ ఆ ఊళ్లో ఆ కాలపు ఇంటి ఆనవాళ్లు బయటపెట్టింది. అది యేసు ఇల్లని దయచేసి అనకండి.

ఇక సిలువ. మనకు ఇప్పుడది మెడలో వేసుకునే వస్తువు. అప్పుడు బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే అతి నీచమైన శిక్ష. రోమ్‌లో పాలటైన్ కొండ మీద ఒక గోడ గీత దొరికింది. గాడిద తల ఉన్న మనిషి సిలువ మీద, కింద ఒకడు చెయ్యెత్తి నిలబడ్డాడు. "అలెక్సమెనోస్ తన దేవుణ్ణి కొలుస్తున్నాడు" అని రాసి ఉంది. ఎవరో తోటివాణ్ణి ఏడిపించారు. సిలువకెక్కిన దేవుడంటే జనం అలా నవ్వేవారు. ఓడిపోయి, నగ్నంగా వేలాడిన మెస్సీయను యూదులెవరూ ఎదురుచూడలేదు. జరగకపోతే ఎవరూ కల్పించరు.

ఆయన భారతదేశానికి వచ్చాడా అని చీటీ పంపారు. ఊహించాను, యూట్యూబ్‌లో తెలుగులోనే బోలెడు వీడియోలున్నాయి. 1894లో నొటోవిచ్ అనే రష్యన్ లదాఖ్‌లోని హెమిస్ మఠంలో "ఈసా" చరిత్ర ఉందని పుస్తకం వేశాడు. మాక్స్ ముల్లర్ అప్పుడే అనుమానించాడు. మరుసటి ఏడాది ఆగ్రా నుంచి డగ్లస్ అనే ఆచార్యుడు హెమిస్ దాకా వెళ్లి అడిగితే, అలాంటి గ్రంథమే లేదన్నాడు ప్రధాన లామా. ఇప్పటికీ ఎవరూ దాన్ని చూపించలేదు. యేసు సమాధి శ్రీనగర్‌లో ఉందన్న కథ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అహ్మదీయ శాఖ స్థాపకుడు మీర్జా గులాం అహ్మద్‌తో ప్రచారంలోకి వచ్చింది. అక్కడ చెప్పే యూజ్ అసఫ్ కథకు మూలం పర్షియా, అరేబియా దాకా ప్రయాణించిన బుద్ధుడి కథ. పద్దెనిమిది వందల ఏళ్ల తర్వాతి మాటకు పౌలు ఉత్తరంతో పాటు కుర్చీ వేయలేను.

పునరుత్థానం సంగతి? శిష్యులు ఆయన్ని చూశామని గట్టిగా నమ్మారు, ఆ నమ్మకం చాలా తొలినాళ్లది. పౌలు తనకు అందిన మాటగా కొరింథీయులకు చెప్పాడు. చరిత్రకారుడు అక్కడి దాకా రాగలడు. ఆ తర్వాతి అడుగు మీరు వేసినా, వేయకపోయినా నా పనిముట్లతో కాదు.

వెనక నుంచి చేయెత్తారు... "యాకోబు ఎముకల పెట్టె" గురించా? 2002లో బయటికొచ్చింది. "యోసేపు కుమారుడు, యేసు సోదరుడు యాకోబు" అని దాని మీద ఉంది. నాకు కావలసిన మాటలే. అందుకే ఇంకా జాగ్రత్తగా ఉంటాను. అది తవ్వకంలో దొరకలేదు, ఒక సేకర్త దగ్గర తేలింది. ఫోర్జరీ కేసు ఏళ్ల తరబడి నడిచి 2012లో కొట్టేశారు. నేరం రుజువు కాలేదన్నారే గానీ, రాత అసలుదని కోర్టు అనలేదు. నా లెక్కలో అది లేదు.

కొత్తవి దొరుకుతాయా అంటే, దొరకవచ్చు. 2012లో మొదటి శతాబ్దపు మార్కు ముక్క దొరికిందని పెద్ద ప్రచారం జరిగింది. ఆరేళ్లు అందరూ ఎదురుచూశారు. 2018లో ప్రచురించారు. ఈజిప్టులో ఆక్సిరింకస్ చెత్తకుప్పల నుంచి శతాబ్దం కిందట తెచ్చిన చిన్న పపైరస్ ముక్క. తేదీ మాత్రం రెండో శతాబ్దం చివర, మూడో శతాబ్దం మొదట అని తేలింది. అందులో మిగిలినవి మొదటి అధ్యాయంలోని కొన్ని అక్షరాలు, యోహాను బాప్తిస్మం దగ్గరివి. ఆ సేకరణలో ఇంకా చదవాల్సిన ముక్కలు పెట్టెల కొద్దీ ఉన్నాయి. గ్రీకు నేర్చుకునే ఓపిక ఉన్న పిల్లలు ఈ హాల్లో ఉంటే, అక్కడ పని చాలా ఉంది.